మల్లప్ప మీసం, బండసందు చేప

కోటరేవు రాజుగారికి ఉన్నట్టుండి బండచేప తల పులుసు మీద మనసు పోయింది. ఆ చేప ఒడ్డున దొరికేది కాదు. నడిసముద్రంలో, ముప్పై బారల లోతున, బండల సందుల్లో ఉంటుంది. ఒక్కోటి దూడంత.

"దాన్ని పైకి తెచ్చినవాడికి బంగారు కడియం," అన్నాడు రాజు.

ఆస్థాన మల్లుడు కొండమల్లప్ప మీసం దువ్వాడు. "చేపను లాగడానికి కండ చాలు ప్రభూ. తేలేకపోతే ఈ మీసం గొరిగించుకుంటాను."

రాజుగారి పడవ నడిపే నూకయ్యకు నవ్వాగలేదు. అదే కొంప ముంచింది.

"నవ్వుతావురా? అయితే నేను చేప తెస్తే నీ సొంత పడవ నాది."

"బాగుంది పందెం," అన్నాడు రాజు. నూకయ్య ఇంటిల్లిపాదికీ ఆ పడవే కూడు. కానీ రాజు బాగుందన్నాక ఎవడు కాదంటాడు?

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ సముద్రం మీదికి వెళ్ళారు. మల్లప్ప ఎర గుచ్చి గాలం దించాడు. గాలానికి కట్టిన బరువు గుండు అడుక్కి తగిలిందో లేదో, చేప ఎర పట్టేసింది. వెంటనే లాగాల్సిన మల్లప్ప, అలవాటు కొద్దీ రాజు వైపు తిరిగి తొడ చరిచాడు.

ఆ చరిచినంతసేపు చాలింది. చేప బండసందులోకి దూరి, దవడలు ఉబ్బించి బిగుసుకుంది.

ఇక మల్లప్ప లాగాడు. పడవ ఒరిగింది. రాజుగారి తలపాగా నీళ్ళలో పడింది. చేప మాత్రం కదల్లేదు.

"ఇది చేప కాదు ప్రభూ," అన్నాడు మల్లప్ప రొప్పుతూ. "సముద్రం అడుగు తగులుకుంది."

"తాడు ఇలా ఇవ్వండి బాబూ," అని నూకయ్య దాన్ని వదులుగా వేలికి చుట్టుకుని, తమలపాకు నమలసాగాడు.

"నిద్రపోతావేమిటి?" అన్నాడు రాజు.

"లాగేకొద్దీ బిగుస్తుంది దొరా. వదిలేస్తే గండం గడిచిందనుకుని తనే బయటికొస్తుంది. రాగానే పది బారలు గుక్క తిప్పుకోకుండా లాగాలి."

ఆకు నమిలేలోగా తాడు కదిలింది. నూకయ్య లాగిన లాగుడికి కాసేపట్లో చేప పడవలో పడింది.

పడవ తిరిగొచ్చేసరికి రేవులో మంగలి కత్తి నూరుతున్నాడు. అది చూసి మల్లప్ప వలల కొట్టంలోకి పరిగెత్తి గుంజను వాటేసుకున్నాడు. నలుగురు భటులు కాళ్ళు పట్టి లాగారు. అతను బుగ్గలు ఉబ్బించి ఇంకా బిగుసుకున్నాడు. కొట్టం కప్పు ఊగింది.

"పందెం తీరందే కడియం లేదు," అన్నాడు రాజు చిరాగ్గా.

నూకయ్య భటులను అవతలికి పంపేశాడు. తర్వాత కొట్టంలోకి వినపడేలా గొంతు పెంచాడు.

"దొరా, చేప అలిసిపోయేలా చేసింది మల్లప్ప బాబే. కడియం ఆయనకే ఇద్దురు, ఇక్కడుంటే."

ఇంకో తమలపాకు నోట్లో వేసుకున్నాడు. తర్వాత కొట్టంలోంచి ముందు మీసం వచ్చింది, వెనకాల మల్లప్ప వచ్చాడు.

"నేనూ అదే చెబుదామనుకున్నాను," అంటూ చెయ్యి చాపాడు.

నూకయ్య మంగలి వైపు తిరిగాడు.

"మళ్ళీ సందులో దూరకముందే, గుక్క తిప్పుకోకుండా గొరిగెయ్యి మావా."

రాజు నవ్వి నవ్వి, కళ్ళ నీళ్ళలో ఏది ఎవరి చెయ్యో కనపడక, కడియం తీసి చేప తోకకు తొడిగాడు. దాన్ని మళ్ళీ ఊడదీసి నూకయ్య చేతికి వేసేసరికి పులుసు ఉడికింది.