బండి సంతలో గవరమ్మ చెంబు

పక్కలు దులిపాను, మంచినీళ్ళు తాగారు, ఇంక ఎవరూ లేవకూడదు. కార్తీకూ, ఆ కాలు చెల్లి మీంచి తియ్యి. ఊ కొట్టడం మానేశారంటే కథ అక్కడే ఆపేసి ముసుగు తన్నేస్తాను, ఆ తరవాత ఎంత బతిమాలినా లాభం లేదు. సరేనా? అయితే వినండి.

అనగా అనగా ఎప్పటి మాటో. గుమ్మడూరని ఒక ఊరుండేది. మరీ పట్నమూ కాదు, అలాగని పల్లెటూరూ కాదు. చుట్టుపక్కల పాతిక ఊళ్ళవాళ్ళు ఉప్పు కావాలన్నా, పలుపుతాడు కావాలన్నా అక్కడికే రావాలి. ఆ ఊళ్ళో ఏడాదికోసారి, నడి వేసవిలో, నూర్పిళ్ళయిపోయి బళ్ళన్నీ ఖాళీగా ఉన్నప్పుడు ఒక సంత జరిగేది. బండి సంత అనేవారు. ఇంట్లో అక్కర్లేని సామానంతా అటక మీంచి దించి బండికెత్తుకుని రావడం, ఎడ్లని విప్పి నీడన కట్టెయ్యడం, బండి వెనక గోనెపట్టా పరిచి అమ్ముకోవడం. కాలు విరిగిన పీట, మూత పోయిన జాడీ, పిల్లలు పెద్దవాళ్ళయిపోయాక మిగిలిన ఉయ్యాల తొట్టి. రోలుండి పొత్రం లేనివాళ్ళూ, పొత్రముండి రోలు లేనివాళ్ళూ ఒకళ్ళనొకళ్ళు వెతుక్కుంటూ తిరిగేవారు. ఒకరికి అడ్డమైంది ఇంకొకరికి అక్కరకొచ్చేదన్నమాట.

మిట్టమధ్యాహ్నం ఎండలో సంతేమిటి అమ్మమ్మా అంటుంది పావని. అడుగుతావని తెలుసే. ఆ దేశాన్నేలే రాజుగారు మంచివాడే కానీ కాస్త తిక్క మేళం. ఒకసారి మారువేషంలో ఆ సంతకొచ్చి, పొద్దు వాలాక ఒక బిందె కొని, నీళ్ళు నింపుకుని గుర్రమెక్కాడట. కోటకి చేరేసరికి బిందెలో చుక్క లేదు, నీళ్ళన్నీ రాజుగారి పంచె మీదే! ఆ తడి పంచెతోనే సింహాసనమెక్కి దండోరా వేయించాడు. ఇకమీదట బండి సంత సూర్యుడు నడినెత్తిన ఉండగానే జరగాలి, కొనేవాళ్ళు గిన్నెని ఎండకెత్తి చూసుకోవాలి, మూడు ప్రశ్నలడగాలి, అమ్మేవాళ్ళు మూడింటికీ జవాబు చెప్పాలి అని. ఆ మూడూ ఏంటంటే,

ఎవరిచ్చారు?
ఎందుకమ్ముతున్నావు?
ఎక్కడుంది చిల్లు?

అబద్ధమాడినవాళ్ళింట్లో పాలు విరిగిపోతాయని జనానికి నమ్మకం. విరిగేవో లేదో నేనెళ్ళి చూడలేదు. ఊ కొడుతున్నారా? ఆఁ, అలా గట్టిగా కొట్టండి.

ఆ గుమ్మడూళ్ళో వరహాలని ఒక కోడలుండేది. తెలివైంది, చేతి పని చక్కగా తెలిసింది. కానీ నలుగురూ ఏమనుకుంటారో అని ప్రాణం పోయేది దానికి. కూరలో ఉప్పు చాలిందా అని కాక, చాలిందని అత్తగారనుకుంటున్నారా అని చూసే రకం. అలాంటివాళ్ళు మనింట్లోనూ ఉన్నారు, ఎవరో నేను చెప్పను.

వరహాలుకి గవరమ్మని ఒక పిన్ని. మోదుగాకులు తెచ్చి విస్తళ్ళు కుట్టి బతికేది. రోజంతా ఈనెపుల్లలు గుచ్చీ గుచ్చీ వేళ్ళన్నీ గాట్లే. చిన్నప్పుడు వరహాలు ఆవిడ ఒళ్ళోనే పెరిగింది, దాని చెల్లెలూ అంతే. ఆ వేళ్ళతోనే జడ వేసింది, ఆ వేళ్ళతోనే గోరుముద్దలు పెట్టింది. అలా పెంచిన వరహాలుకి ఉన్నవాళ్ళ సంబంధం కుదిరితే గవరమ్మకి కాలు నేల మీద ఆగలేదు. ఏడాది పొడుగునా దీపం పెట్టాక కూడా కూర్చుని విస్తళ్ళు కుట్టి, ఆ డబ్బుతో ఒక ఇత్తడి చెంబు కొని, దాని మీద ‘గవరమ్మ’ అని పేరు కొట్టించి పెళ్ళికి తెచ్చింది.

చదివింపులప్పుడు పురోహితుడు ఒక్కొక్కటే ఎత్తి చూపిస్తూ అరుస్తున్నాడు. మేనమామగారు గంగాళం! పెదనాన్నగారు పన్నీరు బుడ్డి! గవరమ్మగారు చెంబు! వరహాలు అత్తగారు నరసమ్మకి నోరు ఊరుకోదు కదా. ఈ చెంబుతో మా గుమ్మంలో మొక్కకి కూడా దాహం తీరదు అందట. ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. పెళ్ళిపీటల మీద కూర్చున్న వరహాలు ఏం చేసిందో తెలుసా? అదీ నవ్వింది. బాసికం సర్దుకుంటున్నట్టు తల వంచుకుని, వాళ్ళతో పాటు తనూ నవ్వింది. చెబుతుంటే నాకే తల కొట్టేసినట్టుంది.

తరవాత ఆ చెంబు అటకెక్కింది. పిన్ని ఎప్పుడైనా చూడ్డానికొస్తే మాత్రం వరహాలు ఆవిణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని లోపలికి పరిగెత్తి, నిచ్చెన వేసుకుని అటకెక్కి, చెంబు దించి, చింతపండు పెట్టి తోమి, అందులో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేది. పిన్ని తాగి, ఎంత తళతళా ఉంచుకున్నావే తల్లీ అనేది. పిన్ని వీధి మలుపు తిరగ్గానే చెంబు మళ్ళీ అటక మీదకి. పిన్ని రావడం, నిచ్చెన ఎక్కడం. పిన్ని పోవడం, నిచ్చెన ఎక్కడం. మూడేళ్ళు ఇదే వరస, బిడ్డ కడుపులో ఉన్నప్పుడూ ఇదే. బబ్లూ నవ్వుతున్నాడు! నవ్వు నాన్నా, ఇంకాసేపటికి నవ్వు రాదులే.

మూడో ఏడు వేసవిలో అత్తగారు అటక దులిపించింది. అక్కర్లేనిదంతా సంతకి కట్టమంది. చెంబు కూడానా అని వరహాలు నసిగింది. అది నీ ఇష్టమమ్మా, నీ పుట్టింటివాళ్ళది అంది నరసమ్మ. చూశారా, వద్దనలేదు, అమ్మమననూ లేదు. నిర్ణయం వరహాలుదే. పేరున్న గిన్నె ఎవరూ కొనరని కంచరివాడి దగ్గరికి తీసుకెళ్ళి, పిన్ని పేరు ఆకురాయితో గీకించేసింది. గరగరా గరగరా, ‘గ’ పోయింది, ‘వ’ పోయింది, ‘ర’ పోయింది, అమ్మ కూడా పోయింది.

సంత రోజు ఎండ మాడు పగలగొడుతోంది. నరసమ్మ బండి కింద నీడలో కునుకు తీస్తోంది. వరహాలు కొంగు ముఖం మీదకి లాక్కుని గోనెపట్టా దగ్గర కూర్చుంది. గుండ్రాయి అమ్ముడుపోయింది, కవ్వం అమ్ముడుపోయింది. ఇంతలో ఒక ముసలావిడ తడుముకుంటూ వచ్చి పట్టా ముందు చతికిలబడింది.

ఎవరంటారు? ఆఁ, గవరమ్మే.

వరహాలుకి ఒళ్ళంతా చల్లబడిపోయింది, ఆ ఎండలో. గవరమ్మకేమో కంటికి పొర కమ్మి మనుషులు నీడల్లా కనిపిస్తున్నారు. పైగా ఎదుటి మనిషి ముసుగేసుకుంది. ఎవరో అమ్మలక్క అనుకుని, సంతలో అందరూ చెప్పుకున్నట్టే తన గోడు చెప్పుకొచ్చింది. మా రెండో పిల్లకి పెళ్ళి కుదిరిందమ్మా, అక్కకి చెంబిచ్చి చెల్లికి ఇవ్వకపోతే బావుంటుందా, కొత్తది కొనే ఓపిక లేక ఇలా వచ్చాను. మా పెద్దపిల్ల ఉందే, నేనిచ్చిన చెంబుని ఎంత అపురూపంగా చూసుకుంటుందో! చుట్టాలొస్తే ముందు దాన్నే బయటికి తీస్తుందమ్మా అని చెప్పింది. చెబుతూ చెబుతూ చేత్తో పట్టా మీద వెతికి, వెతికి, ఆ చెంబునే అందుకుంది.

అప్పుడైనా ముసుగు తీసి, పిన్నీ నేనే అనొచ్చు కదా. అనలేదు. కొంగు ఇంకాస్త కిందకి లాక్కుంది.

కట్టుబాటు ప్రకారం గవరమ్మ అడిగింది.

“ఎవరిచ్చారమ్మా?”

“ఎవరో దూరపు చుట్టాలు” అంది వరహాలు, గొంతు మార్చి.

“ఎందుకమ్ముతున్నావు?”

“ఇలాంటివి మా ఇంట్లో పది పడున్నాయి.”

గవరమ్మ బొటనవేలు చెంబు మీద మెల్లిగా తిరుగుతోంది. ఒకచోట గరుకుగా తగిలింది, కొత్తగా గీకినచోట. వేలు అక్కడ ఆగింది. ఇంకాస్త కిందకి జరిగింది. అక్కడ గోరంత సొట్ట. పెళ్ళికొస్తూ బండి దిగేటప్పుడు తన చేతిలోంచి జారి, రాయికి తగిలి పడ్డ సొట్ట అది. వరహాలు పేరైతే గీకించింది కానీ, కన్నతల్లి బిడ్డ పుట్టుమచ్చ మరిచిపోదు కదా. ఆ వేలికి తెలిసిపోయింది.

మూడో ప్రశ్న అడగలేదు గవరమ్మ. చెంబుని ఎండకెత్తీ చూడలేదు. తన చీర కొంగుతో ఒక్కసారి తుడిచి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు పట్టా మీద పెట్టింది.

“నా కళ్ళు మంచివి కావు తల్లీ. నాకెవరూ ఆనరు. ఏమనుకోకు” అని లేచి, తడుముకుంటూ వెళ్ళిపోయింది.

తను గుర్తుపట్టలేదని ఈ పిల్ల నమ్మాలి, ఈ పిల్ల పరువు పోకూడదు. అందుకన్నమాట అది. ఊ కొట్టరేం? సరే, కొట్టకపోయినా ఫర్వాలేదులే ఇప్పుడు.

 పిన్ని తిట్టినా బావుండేది, నెత్తిన మొట్టినా బావుండేది అనిపించింది వరహాలుకి. ఒక్కసారిగా లేచి, చెంబు పట్టుకుని, చెప్పులు కూడా లేకుండా ఎండలో పరిగెత్తింది.

ఉయ్యాల తొట్ల బండివాణ్ణడిగింది, ఒకావిడ ఇటు వెళ్ళిందా అని. ఎవరావిడ అన్నాడు వాడు. ఎవరో ముసలావిడ అంది. సంత నిండా ముసలాళ్ళేనమ్మా, ఎవరని చెప్పను అన్నాడు.

జాడీల బండి ఆవిణ్ణడిగింది. ఎవరావిడ అంది జాడీల ఆవిడ. కంటికి పొర కమ్మింది, వేళ్ళకి ఈనెపుల్లల గాట్లుంటాయి అంది వరహాలు. నీకేమవుతుంది అంది జాడీల ఆవిడ. వరహాలు జవాబు చెప్పలేదు. ఏమీ కాని మనిషి కోసం కాళ్ళు కాల్చుకుంటున్నావెందుకమ్మా అని ఆవిడ మొహం తిప్పేసుకుంది.

తిరగళ్ళ బండి తాతనడిగింది. ఎవరావిడ అన్నాడు తాత. అప్పుడింక దాచుకోలేకపోయింది. మా పిన్ని తాతా, నన్ను పెంచిన మా పిన్ని గవరమ్మ అని బావురుమంది. ముందే అలా చెప్పొచ్చు కదా పిల్లా, అదిగో నా బండి వెనకే కూర్చుంది అన్నాడు తాత.

గవరమ్మ ఒక తిరగలి మీద కూర్చుని కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. అడుగుల చప్పుడు విని గబగబా మొహం తుడిచేసుకుని, ఎవరమ్మా అంది, ఇంకా తెలీనట్టే.

“నువ్వు మూడో ప్రశ్న అడగలేదు పిన్నీ. అడుగు” అంది వరహాలు.

“ఎందుకులేవే. జనం చూస్తున్నారు, ఇంటికి పో.”

“చూడనీ. మొదటినించీ అడుగు.”

చుట్టూ బళ్ళవాళ్ళు మూగారు. కోడలు కనపడక లేచొచ్చిన నరసమ్మ కూడా వాళ్ళలో ఉంది. గవరమ్మ ఎవరిచ్చారని అడిగింది. మా పిన్ని ఏడాది పాటు వేళ్ళు చిల్లులు పడేలా విస్తళ్ళు కుట్టి ఇచ్చింది అని వరహాలు అందరికీ వినపడేలా చెప్పింది. ఎందుకమ్ముతున్నావని అడిగింది. నలుగురిలో నాకు నామోషీ అయింది అని చెప్పింది. ఎక్కడుంది చిల్లు అని అడిగింది.

“చెంబుకి లేదు పిన్నీ, నాకే ఉంది. నువ్వెంత పోసినా నాలో నిలవలేదు” అని పిన్ని కాళ్ళ దగ్గర కూలబడిపోయింది.

గవరమ్మ ఊరుకోబెడుతుందనుకున్నారా? లేదు, తిట్టింది. గట్టిగా తిట్టింది.

“ఓసి పిచ్చిమొహమా! అమ్మితే అమ్ముకున్నావు, ఇత్తడి ముక్క, పోతే పోయింది. కడుపుతో ఉన్నప్పుడు కూడా ఆ నిచ్చెన ఎక్కావు చూడు, అందుకు నిన్ను కొట్టాలి! నాకు చూపు పోయింది కానీ చెవులు పోలేదే. అరుగు మీద కూర్చుని, ఆ నిచ్చెన కిర్రుమన్నప్పుడల్లా నా పై ప్రాణం పైనే పోయేది. నా మూలాన పిల్ల పడిపోతుందేమో, ఇంక రాకూడదు అనుకునేదాన్ని. నిన్ను చూడకుండా ఉండలేక మళ్ళీ వచ్చేదాన్ని. అంత కష్టపడి దించింది కదాని చెంబుని మెచ్చుకునేదాన్ని.”

మూడేళ్ళూ తెలుసన్నమాట. వరహాలు తల ఇంక పైకి లేవలేదు. అప్పటిదాకా ఏడిచింది ఒక ఎత్తు, ఇప్పుడు ఏడిచింది ఒక ఎత్తు. నరసమ్మ దగ్గరికొచ్చింది. ఆవిడ మాట కోసం తడుముకోవడం ఊరివాళ్ళు అదే మొదటిసారి చూశారట. వదినగారూ, పెళ్ళిలో ముందు నవ్వింది నేను అని గవరమ్మ చెయ్యి పట్టుకుంది.

ముగ్గురూ చెంబుతో సహా ఒకే బండెక్కి ఇంటికెళ్ళారు, అది మళ్ళీ అటకెక్కలేదు. గవరమ్మ కళ్ళకి మందు వేయించారు, పొర కొంచెం తగ్గింది. చెల్లి పెళ్ళికి వరహాలు డబ్బు కలిపింది, గవరమ్మ మళ్ళీ ఒక చెంబు కొంది. చదివింపుల్లో పురోహితుణ్ణి ఆగమని, నరసమ్మే లేచి నిలబడి గవరమ్మగారు చెంబు అని పందిరి అదిరేలా అరిచింది. ఎవరూ నవ్వలేదు. అంతా సుఖంగా ఉన్నారు. అందుకే, ఎవరైనా ఏదైనా ఇస్తే వస్తువెంతదో చూడకండర్రా, ఇచ్చిన చెయ్యి చూడండి.

ఏంటే పావనీ? వరహాలుకి సిగ్గు పోయిందా అనా? ఎలా పోతుందే, మసి మరకా అది? ఎన్నేళ్ళయినా ఆ చెంబెత్తి నీళ్ళు తాగితే మొదటి గుక్క గొంతులో అడ్డం పడేదట. పడనీ. ఆ మాత్రం సిగ్గు మిగిలుంటేనే మనిషి.

కథేమో కంచి బండెక్కి వెళ్ళిపోయింది. ఇంక మనం కళ్ళు మూసుకోవడమే.