పోలయ్య జీపు, సుదర్శనం గ్యారంటీ

తంగేడుకొండ మీద బతికే జంతువులకు దిగడం ఎంత తేలికో ఎక్కడం అంత చావు. సంత కిందే, వైద్యం కిందే, ఉప్పూ బెల్లమూ కిందే. పైన ఉన్నదల్లా చింతచెట్లు, కాసింత గడ్డి, మంచి గాలి. మధ్యలో ఘాట్ రోడ్డు. దానికి ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. జ్వరమొచ్చిన పిల్లను కిందకు నడిపించుకుపోయి, ఒంటరిగా తిరిగొచ్చిన తల్లులు ఆ కొండ మీద ఉన్నారు.

అది చూడలేకే ఎద్దు పోలయ్య జీపు కొన్నాడు. బతుకంతా కాడి మోసి కూడబెట్టింది ఆ జీపులోకే పోయింది. కొండ దిగువన జిల్లేళ్ళ కూడలిలో నక్క సుదర్శనం జీపులు అమ్మేవాడు. అద్దాల గదీ, లోపల చల్లటి గాలీ, బల్ల మీద లడ్డూలూ.

"పోలయ్య గారూ, ఇది బండి కాదండీ, మీ ఇంటి బిడ్డ!" అన్నాడు సుదర్శనం, తోకతో బానెట్టు తుడుస్తూ. "ఏడాదిపాటు దీనికి ఏ రోగమొచ్చినా పూచీ నాది. ఇంజనైనా సరే, గేర్ బాక్సయినా సరే. గ్యారంటీ అంటే ఏమనుకున్నారు? నా మాట!"

పోలయ్య తెలివితక్కువవాడు కాడు, నెమ్మదస్తుడు. ఈ రెంటికీ ఉన్న తేడా నక్కలు పట్టించుకోవు.

వానలు పోయి, చలి పోయి, ఎండలు ముదిరేదాకా జీపు బాగానే నడిచింది. పోలయ్య పొద్దున మేకల్నీ కుందేళ్ళనీ దింపేవాడు, మధ్యాహ్నం సరుకుతో ఎక్కించేవాడు. జబ్బు చేసినవాళ్ళ దగ్గర పైసా పుచ్చుకునేవాడు కాదు. ఆ తర్వాత ఒకరోజు ఎలుగుబంటి మలుపు దగ్గర, నిండు బరువు మీద, రెండో గేరు ఠక్కున జారిపోయింది. బండి అడుగునుంచి ఈనలేని గేదె మూలిగినట్టు ఒక మూలుగు. ఇంజను అరుస్తోంది గానీ చక్రాలకు ఆ బలం అందడం లేదు. జీపు వెనక్కి జరిగింది. పోలయ్య బ్రేకు మీద లేచి నిలబడ్డంత పని చేశాడు.

మర్నాడే షోరూముకు వెళ్ళాడు.

"ఏవయ్యా పోలయ్యా, ఏమిటిలా వచ్చావు?" అన్నాడు సుదర్శనం. కొన్ననాడు ఉన్న 'గారు' ఎటు పోయిందో తెలియదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య.

కోతి మెకానిక్ ఖాళీ జీపును కూడలిలో చదును రోడ్డు మీద రెండు చుట్లు తిప్పి, "దీనికేం రోగం లేదు" అని దిగిపోయాడు.

"చదును మీద కాదయ్యా, ఎక్కుడు మీద జారుతోంది. బరువుండాలి, బండి వేడెక్కాలి" అన్నాడు పోలయ్య.

"మాకు కనబడని జబ్బుకు మందెక్కడినుంచి తేవాలి?" అన్నాడు సుదర్శనం. "అయినా నీ కాలు చూడు. నాగలి దున్నిన కాలు. క్లచ్చు మీద దాన్ని ఆనిస్తే ఏ గేరు నిలుస్తుంది? ఆడలేక మద్దెల ఓడు అన్నాడట నీలాంటివాడే!"

ఇంకోసారి వెళితే, బండికి కొండగాలి పడలేదన్నాడు. మరోసారి, సామాను కంపెనీ నుంచి రావాలన్నాడు. ఆపైన వెళితే, లోపల ఉండి కూడా ఊళ్ళో లేనని చెప్పించాడు. అద్దంలోంచి తోక కనబడుతూనే ఉంది. పోలయ్యకు వాయిదా ఎందుకో అర్థమైంది. తొలకరి పడితే ఏడాది నిండుతుంది. ఆ తర్వాత జీపు లోయలో పడినా సుదర్శనానికి సంబంధం లేదు.

ఆ వారమే, చుక్కమ్మ మనవరాలికి వాంతులు పట్టుకున్నాయి. చుక్కమ్మ అంటే కొండ మీది మేకల్లో నోరున్న మనిషి. పిల్లను చూపించి తిరిగొస్తుంటే అదే మలుపులో గేరు జారి, వెనక చక్రం లోయ అంచుదాకా వెళ్ళింది. కింద రాలిన రాళ్ళ చప్పుడు ఎంతసేపటికీ ఆగలేదు. చుక్కమ్మ పిల్లను గుండెకు హత్తుకుని దిగింది.

"అన్నా, నువ్వు వాడి గుమ్మం చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా దున్నపోతు మీద వానే. వాణ్ణే ఇక్కడికి తేవాలి. ఈ సీట్లో కూర్చోబెట్టాలి."

"వాడెందుకొస్తాడు చుక్కమ్మా?"

"అమ్ముడుపోతాయంటే శ్మశానానికైనా వస్తాడు."

కొండ మీద పదిమంది జీపులు కొనాలనుకుంటున్నారనీ, అయ్యగారి నోటిమాట వినాలని ముచ్చటపడుతున్నారనీ కబురు పంపారు. సుదర్శనం అత్తరు పూసుకుని మరీ బయల్దేరాడు. ఘాట్ రోడ్డు మొదట్లో అతని తెల్ల కారును ఆపి, "పైన రోడ్డు గతుకులండీ, మీ కారు కడుపు గీసుకుపోతుంది. మా జీపులో రండి" అంది చుక్కమ్మ. ఎక్కాడు. వెనక చింతపండు బస్తాలు. నెత్తిన మిట్టమధ్యాహ్నపు ఎండ.

ఎలుగుబంటి మలుపు దగ్గర మేకలూ కుందేళ్ళూ పూలదండలతో నిలబడి ఉన్నారు. దండల చాటున ప్రతివాళ్ళ దగ్గరా చక్రాల కింద పెట్టడానికి ఒక్కో రాయి ఉంది. పోలయ్య రెండో గేరు వేశాడు. జీపు మూలిగింది. ఠక్!

"ఆపు! ఆపవయ్యా!" సుదర్శనం సీటు మీద ఎగిరాడు. "వెనక్కి పోతోంది!"

"నా కాలు మొద్దుది కదండీ" అన్నాడు పోలయ్య బ్రేకు కొంచెం వదిలి.

"నీ కాలు కాదు! గేరు! గేరు జారింది! గేర్ బాక్సే పాడైపోయింది, బ్రేకు తొక్కరా నాయనా!"

గబగబా రాళ్ళు చక్రాల కింద పడ్డాయి. జీపు ఆగింది. సుదర్శనం కళ్ళు తెరిచేసరికి చుట్టూ కొండంతా నిలబడి ఉంది.

"ఏం పాడైందన్నారండీ?" అంది చుక్కమ్మ తీయగా. "చెవుడు, సరిగా వినబడలేదు."

అందరూ నవ్వారు. ఆ నవ్వు చాలా కాలం తర్వాత వచ్చిన నవ్వు. పోలయ్య కూడా నవ్వాడు.

"ఎల్లుండి అందరం కలిసి వెళదాం" అంది చుక్కమ్మ ఆ సాయంత్రం. "సంతలో నలుగురి ముందూ అడుగుదాం. మన బండి ఒక్కటే బాగైతే చాలదు. వాడు ఇంకెన్ని ఇలాంటివి అంటగడుతున్నాడో ఎవరికి తెలుసు?"

పోలయ్య తలూపాడు. కానీ తెల్లారకముందే కోతి మెకానిక్ గుమ్మంలోకి వచ్చి, అయ్యగారు మిమ్మల్ని ఒక్కరినే రమ్మన్నారని చెప్పాడు. పోలయ్య ఒక్కడే వెళ్ళాడు.

సుదర్శనం లేచి ఎదురొచ్చాడు. 'గారు' తిరిగొచ్చింది. లడ్డూలు కూడా వచ్చాయి.

"పోలయ్య గారూ, తప్పైంది. కొత్త గేర్ బాక్సు వేయిస్తాను. గ్యారంటీ కిందే, దమ్మిడీ ఇవ్వొద్దు. సాయంత్రానికి బండి మీ ఇంటి ముందుంటుంది. ఒక్కటే మనవి. జీపుల కంపెనీ తరఫున చిరుత దొర రేపు సంతకు వస్తున్నాడు. ఆయన అడిగితే, నా బండికి ఏ లోపమూ లేదని చెప్పండి."

"ఉన్న లోపం లేదని ఎలా చెప్పనయ్యా?"

"రేపటికి ఉండదుగా! అప్పుడది అబద్ధమెలా అవుతుంది? నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు పెద్దలు." సుదర్శనం గొంతు తగ్గించాడు. "లేదూ, రచ్చ చేస్తానంటారా, చేయండి. దొరలు విచారణ చేస్తారు. అది తేలేసరికి తొలకరి వస్తుంది. ఈలోపు ఆ మలుపు మీద ఎవరి పిల్ల ఉంటుందో మీరే ఆలోచించుకోండి."

పోలయ్యకు చుక్కమ్మ మనవరాలు గుర్తొచ్చింది. పిల్ల కోసమే ఒప్పుకుంటున్నానని తనకు తాను చెప్పుకున్నాడు. అందులో కొంత నిజముంది. ఇక తిరగలేననే అలసట ఇంకొంత. తన పని అయిపోతే చాలుననే ఆశ మిగతాది. దాని పేరు మాత్రం మనసులో కూడా పలకలేదు.

సాయంత్రానికి కొత్త గేర్ బాక్సు వచ్చింది. సుదర్శనం ఆ మాట నిలబెట్టుకున్నాడు.

మర్నాడు సంతలో చిరుత దొర నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. చుక్కమ్మ మాట్లాడదామని లేవగానే సుదర్శనం, "ఏడాదిగా మా జీపు నడుపుతున్న పెద్దమనిషి మాట విందాం" అని పోలయ్యను ముందుకు తెచ్చాడు.

"నా బండికి ఏ లోపమూ లేదు" అన్నాడు పోలయ్య. నేల చూస్తూ అన్నాడు. ఎద్దులు ఎప్పుడూ నేల చూస్తూనే మాట్లాడతాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

చుక్కమ్మ లేచినది లేచినట్టే నిలబడిపోయింది. ఆ తర్వాత కూర్చుంది.

ఆ గుంపులో వెనకెక్కడో గాడిద ఎల్లమంద ఉన్నాడు. ఏటికి అవతలివాడు. పుట్టినప్పటినుంచీ ఇసుక బస్తాలు మోసినవాడు. సుదర్శనం మాట అతను పదేళ్ళయినా నమ్మేవాడు కాదు. పోలయ్య మాట ఆ పూటే నమ్మాడు.

తొలకరి పడ్డాక ఒక మధ్యాహ్నం, ఎల్లమంద తన కొత్త జీపు వేసుకుని పోలయ్య ఇంటికొచ్చాడు. దిగి, చెవులు వాల్చి నిలబడ్డాడు.

"పోలయ్యన్నా, సిగ్గుగా ఉంది అడగాలంటే. రెండో గేరు ఎలా వేయాలో కాస్త నేర్పిస్తావా? నాకు చేతకావడం లేదు."

"ఏమవుతోంది?"

"జారిపోతోంది. సుదర్శనం గారిని అడిగితే నా కాళ్ళదే తప్పన్నాడు. బరువులు మోసి కాలు మొరటుబారిందట. నిజమే అయ్యుంటుంది. ఇలాంటి జీపే నీకు ఏడాదిపాటు ఏ ఇబ్బందీ పెట్టలేదంటివి కదా."

పోలయ్య ఎక్కి, ఎక్కుడు మీద రెండో గేరు వేశాడు. అడుగునుంచి ఆ మూలుగు వచ్చింది. అలాంటి మూలుగు కాదు, అదే. ఎన్నో రోజులు తన కాళ్ళ కింద విన్నది. తన బండిలోంచి తీసిన గేర్ బాక్సును నూనె పెట్టి తుడిచి, ఎల్లమంద బండికి తగిలించాడు సుదర్శనం.

"తప్పు నీది కాదురా" అన్నాడు పోలయ్య. ఎల్లమందను ఎక్కించుకుని, అలాగే జీపును కిందకు దింపి షోరూము ముందు ఆపాడు. దారిలో చుక్కమ్మ కనబడితే ఆమెనూ ఎక్కించుకున్నాడు.

లోపల చిరుత దొర కూడా ఉన్నాడు. సుదర్శనం లేవలేదు.

"ఇది నా పాత గేర్ బాక్సు" అన్నాడు పోలయ్య. "ఇలాంటి పని నక్కలు కూడా చేయవయ్యా!"

"నీ పాత గేర్ బాక్సా? దానికేమైంది?" సుదర్శనం ఆశ్చర్యపడ్డాడు. "దొరగారూ, సంతలో మీ ముందే కదా చెప్పాడు, తన బండికి ఏ లోపమూ లేదని? లోపం లేని బండిలోంచి లోపమున్న గేర్ బాక్సు ఎలా వస్తుంది?"

"అప్పుడు నువ్వు చెప్పమంటేనే..."

"అయితే అప్పుడు అబద్ధమాడావు. లేదా ఇప్పుడు ఆడుతున్నావు. ఏదో ఒకటి తేల్చుకో."

చుక్కమ్మ ముందుకొచ్చింది. "గేరు జారిందని ఈయనే అరిచాడు దొరా. కొండంతా విన్నది. నేను సాక్ష్యం."

చిరుత దొర కళ్ళద్దాలు తీయకుండానే నవ్వాడు. "బండి ఓనరే బాగుందన్నాక, వెనక కూర్చున్న మేకల మాటకేం విలువమ్మా? పోండి, పోండి."

బయటికొచ్చారు. ఎల్లమందకు కోపం రాలేదు. వస్తే పోలయ్యకు కాస్త తేలికగా ఉండేది.

"అయితే నా కాళ్ళు మంచివేనన్నమాట" అన్నాడు ఎల్లమంద. జీపును అక్కడే వదిలేసి, ఏటి వైపు నడిచిపోయాడు. మర్నాటినుంచి మళ్ళీ ఇసుక బస్తాలు వీపుకెత్తుకున్నాడు.

పోలయ్య తేలుకుట్టిన దొంగలా కొండెక్కి ఇల్లు చేరాడు. ఆ రోజునుంచి కొండవాళ్ళు అతన్ని ఒక్క మాట అనలేదు. తిట్టలేదు, వెలివేయలేదు. సంతనాడు అతను కూడలిలో జీపు ఆపితే, పక్కనుంచి నడిచిపోయేవారు, అంతే.

ఒకనాడు వానలో చుక్కమ్మ మనవరాలితో ఎక్కుడు ఎక్కుతోంది. పోలయ్య పక్కన ఆపాడు.

"ఎక్కు చుక్కమ్మా, పిల్ల తడుస్తోంది. గేరు ఇప్పుడు బాగుంది."

"తెలుసన్నా" అంది చుక్కమ్మ. "బాగుందని సంతలో నువ్వే చెప్పావుగా. మేం నడుస్తాంలే."

పోలయ్య రెండో గేరు వేశాడు. వెన్నలోకి వేలు దిగినట్టు దిగింది. సీట్లన్నీ ఖాళీగా, జీపు ఎలుగుబంటి మలుపు చప్పుడు లేకుండా ఎక్కింది.

నీతి: నీ ఒక్కడి గోడు తీర్చి నోరు మూయించినవాడు, నీ నోటితోనే పదిమందిని ముంచుతాడు.