వాన లెక్కలకు రెండో ప్రతి

పూర్వం చిత్తలకోట అనే చిన్న రాజ్యంలో కొమ్మన అనే యువకుడు లేఖకుడిగా కుదిరాడు. చేరిన రోజున అతనికి అప్పగించినవి వెయ్యి ఎనభై తాటాకులు. ఏడాదికి ఇరవై ఏడు కార్తెల చొప్పున, నలభై ఏళ్లపాటు ఏ కార్తెలో ఎంత వాన కురిసిందో కొలిచి రాసిన లెక్కలవి. రైతులు విత్తే రోజును వాటిని చూసే నిర్ణయించుకునేవారు.

ఒకనాడు ఆ ఆకులున్న పెట్టె తెరిస్తే అడుగున చెదలు. మూడు ఆకులు అప్పటికే మట్టయ్యాయి. కొమ్మన మిగిలినవాటికి పసుపు పూసి, రాజు రణధీరభూపతి దగ్గరకు పరుగెత్తాడు. ఇద్దరు లేఖకులు రోజుకు పన్నెండేసి ఆకులు రాస్తే నలభై అయిదు రోజుల్లో రెండో ప్రతి సిద్ధమవుతుందని, దాన్ని ఏటి అవతల మెట్టమీద దాచుదామని మనవి చేశాడు.

రాజు మీసం దువ్వాడు. తన పేరు చెబితే చెదలు కూడా వణుకుతాయన్నాడు. పైగా, విలువైనది ఏదైనా ఒక్కటే ఉండాలనీ, రెండోది పుడితే మొదటిదానికి అవమానమనీ అక్కడికక్కడే శాసనం చేశాడు.

మర్నాడు రాజు ఊరేగింపుగా వస్తుంటే తూర్పు ద్వారం దగ్గర కొమ్మన వెంట శిల్పులు ఉలులు పట్టుకుని నిలబడ్డారు. కోటకున్న తొమ్మిది ద్వారాల దగ్గరా రాజుగారి బిరుదులు చెక్కిన రాళ్లుండేవి. అన్నిటిలోనూ అవే బిరుదులు, అక్షరం తేడా లేకుండా.

"ఏమిటీ పని, కొమ్మనా?"

"తమ శాసనమే, ప్రభూ. తమ కీర్తి విలువైనది కదా. ఎనిమిది రాళ్లు గీకించేస్తున్నాను. ఏది ఉంచమంటారు?"

రాజు మొహం కందగడ్డ అయింది. "ఉన్న ఆ ఒక్కటీ పిడుగుపడి పగిలితే, నేనెవరినో రేపటివాళ్లకు ఎలా తెలుస్తుంది?"

"తమ బిరుదులు పోతే ఎవరూ పస్తుండరు, ప్రభూ. ఆరుద్ర కార్తె వాన లెక్క పోతే ఊరంతా పస్తే. మరి ఆ లెక్కకు ఒక్క ప్రతి చాలంటారా?"

ఊరేగింపులో ఉన్న మంత్రి రాజుగారి ఏనుగు చాటుకు తప్పుకున్నాడు. రాజు ద్వారం దగ్గరి రాయికేసి చూసి, తలపాగా జారేంతగా నవ్వాడు. శాసనం రద్దుచేసి, రెండో ప్రతిని ఏటి అవతలే ఉంచమన్నాడు. చేతి కంకణం తీసి కొమ్మనకు తొడిగి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు.

కొమ్మన, రాజుగారి బిరుదులు ఎలుగెత్తి చదివే ఆస్థాన భట్టును నలభై అయిదు రోజులకు ఇప్పించమన్నాడు. రాసేటప్పుడు ఆకు పైకి చదవడానికి పెద్ద గొంతు కావాలి మరి. రోజూ తెల్లవారగానే ఆ గొంతుకు నిద్ర చెడే రాజుగారు వెంటనే ఒప్పుకున్నారు.

ఆ మధ్యాహ్నమే కొమ్మన కొత్త ఆకు ఒళ్లో పెట్టుకుని, గంటం పట్టుకుని, అశ్వని కార్తె లెక్కను భట్టుగారి చేతికందించాడు.