గార్దభ స్వర శాపవిమోచనం

పూర్వం, మనుషులకు కాస్త సిగ్గూ దేవతలకు కాస్త ఓపికా ఇంకా మిగిలివున్న యుగంలో, కృష్ణవేణీ తీరాన తీక్ష్ణకర్ణుడనే మహర్షి నిరాహారుడై, నిశ్చలుడై, కోటి జపం సంకల్పించి కూర్చున్నాడు. నడుమ ధ్యానం చెదిరితే మళ్ళీ మొదటినుంచే ఆరంభించాలన్నది ఆయన నియమం. ఎవరు పెట్టమన్నారయ్యా ఆ నియమం? ఎవరూ పెట్టమనలేదు. పైగా అడవులన్నీ వదిలేసి, నేల చదునుగా ఉందని చాకలిరేవు పక్కనే ఆసనం వేశాడు, మహానుభావుడు!

చాకలిరేవన్నాక గాడిదలుండవా? మూటలు దించాక వాటి ముందుకాళ్ళకు బంధం వేసి మేతకు వదలడం రేవు ఆచారం. అవి గెంతుకుంటూ ఎక్కడికి పోయినా, ఒకటి ఓండ్ర పెడితే మరొకటి బదులిస్తుంది. ఆ గొంతును బట్టి రజకులు వెళ్ళి తోలుకొస్తారు. ఆ గార్దభ స్వరం మహర్షి జపాన్ని మూడుసార్లు భగ్నం చేసింది. మూడోసారి, వెయ్యి జపం మాత్రమే మిగిలివుండగా, ఆయన కన్నులెర్రజేసి, జటలు విదిలించి, కమండలు జలం చేతిలోకి తీసుకుని, "ఓరి ఖరాధములారా! నేటినుంచి మీ జాతి యావత్తూ మూగవోవుగాక!" అని శపించాడు. తపస్వి నోటిమాట కదా, లోకంలోని గాడిదలన్నిటికీ గొంతు పోయింది.

ఆ వారమే ఎగువన కుంభవృష్టి కురిసి నది పొంగింది. రేవులో బట్టలుతికే ఈరమ్మ గాడిద లచ్చి, కాళ్ళకు బంధంతోనే, ఏటి నడుమ లంకలో చిక్కుకుంది. అక్కడ జమ్ము మనిషెత్తున పెరిగివుంది. ముందుకాళ్ళు కట్టివున్న జంతువు ఏం ఈదుతుంది?

"ఎటు పోనిమ్మంటావమ్మా పుట్టిని? ఒక్క కేక వినబడితే చాలు, తెచ్చేస్తా" అన్నాడు పుట్టి నడిపేవాడు. ఈరమ్మ గొంతు చించుకుని లచ్చిని పిలిచింది. బదులు లేదు. ఆమె కొంగు నడుముకు బిగించి, తిన్నగా మహర్షి ఎదుటికి వచ్చి నిలబడింది.

"కళ్ళు తెరు సామీ! నా లచ్చి మునిగిపోతోంది. దాని కాళ్ళు నేను కట్టాను, నోరు నువ్వు కట్టావు. నా కట్టు నేను విప్పుకుంటా. నీ కట్టెవరు విప్పుతారు?"

"అమ్మా, వెలువడిన శాపాన్ని ఉపసంహరించుట నా వశం కాదు. అయినా నా జపం..."

"నీ జపం దొంగలు తోలా! జపం మళ్ళీ మొదలెట్టుకోవచ్చు. పోయిన లచ్చి మళ్ళీ వస్తదా?"

ఆ ఆర్తనాదం సత్యలోకందాకా వినబడగా, హంసవాహిని, వీణాపాణి అయిన వాగ్దేవి విసిగిపోయిన ముఖంతో ప్రత్యక్షమైంది.

"వత్సా! కోకిలకు గొంతిచ్చింది నేనే, గాడిదకిచ్చిందీ నేనే. మీ మునులకు కోపం వచ్చినప్పుడల్లా నేను వీణ కిందపెట్టి పరుగెత్తుకు రావాలా? నీవు హరించిన స్వరాన్ని నీ కంఠంతోనే పలికితే తప్ప ఈ శాపం తీరదు. ఊఁ, ఓండ్ర పెట్టు!"

"నేనా తల్లీ? వేదం పలికిన ఈ కంఠంతోనా?"

"నీళ్ళు పెరుగుతున్నాయి" అన్నది వాగ్దేవి.

మహర్షి సిగ్గుతో చితికిపోతూ సామగానంలా ఏదో సాగదీశాడు. ఈరమ్మ తల బాదుకుంది. "అయ్యో రామా, అట్లా కాదు సామీ! ఊపిరి వదిలేటప్పుడే కాదు, పీల్చేటప్పుడూ అరవాలి. కడుపులోంచి రానీ!"

మహర్షి నది వైపు చూశాడు. లంక అంచులు అప్పటికే మునిగాయి. ఆయన లేచి, దండం పారేసి, ఊపిరి లోపలికి లాగుతూ, బయటికి తోస్తూ, దిక్కులు పిక్కటిల్లేలా ఓండ్ర పెట్టాడు. క్షణం తర్వాత జమ్ములోంచి సన్నగా బదులొచ్చింది. ఈరమ్మను ఎక్కించుకుని పుట్టి ఆ గొంతు వైపు దూసుకుపోయింది. ఈరమ్మ పీకల్లోతు నీళ్ళలో దిగి, బంధం విప్పి, లచ్చిని ఒడ్డుకు చేర్చి, దాని మెడ కావలించుకుని బావురుమంది.

వాగ్దేవి ప్రసన్నురాలై వరం కోరుకోమన్నది. గొంతు బొంగురుపోయిన మహర్షి, "ఇక ఏ శాపమూ వీటి నోరు కట్టకుండుగాక" అని వేడగా, తథాస్తని అంతర్ధానమైంది.

అప్పుడు లచ్చి, తడి చెవులు విదిలించుకుని, ఆయన చెవి పక్కనే గొంతెత్తింది.

"ఏమంటోందమ్మా?" అన్నాడు మహర్షి.

"ఏముంది సామీ, నేనిక్కడున్నా, నువ్వెక్కడున్నావని అడుగుతోంది."

మహర్షి అటూ ఇటూ చూసి, బదులిచ్చాడు.