ఒడ్డు చేతపట్టుకుని పడవ షికారు

గువ్వలంకలో ఎవరికెంత తెలివుందో తూచి చెప్పేవాళ్ళు లేరు గాని, ఉంటే మొగ్గు తమవైపేనని పొన్నాడ వీర్రాఘవులుకి గట్టి నమ్మకం. ఆయన భార్య సూరమ్మ అయితే, "మా ఇంట్లో తెలివి ఎక్కువైపోయి చుట్టాలకి కూడా పంచుతున్నాం" అనేది. తమ్ముడు గవర్రాజు మరీ ఘటం. ఎవరేం చెప్పినా అక్షరం పొల్లుపోకుండా చేసేవాడు.

"చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే తెలివంటే! సొంత బుర్ర వాడినవాళ్ళంతా చెడిపోయారు" అని ముగ్గురూ అన్నాలు తింటూ ఒకరినొకరు మెచ్చుకునేవారు.

అలాంటివాళ్ళు ఓ పడవ కొన్నారు.

గువ్వలంక చుట్టూ గోదావరి పాయలే. వరదలు తీసి నీళ్ళు తేటపడగానే, సొంత పడవలున్నవాళ్ళంతా కలిసి రేవు నుంచి రేవుకి షికారు వెళ్ళడం అక్కడి అలవాటు. ఒక్కో రేవులో దిగడం, వండుకు తినడం, పాటలు పాడుకోవడం, మళ్ళీ బయల్దేరడం. అలా పాయ సముద్రంలో కలిసే మొగ దాకా వెళ్ళి తిరిగొచ్చేవారు. దిగువన మామిడిరేవులో ఉండే భద్రం ఆ పడవలన్నిటికీ పెద్ద.

వీర్రాఘవులు వెళ్ళి, "మావయ్యా, మేమూ వస్తాం" అన్నాడు.

భద్రం గుండెల్లో రాయి పడింది. "ఎందుకులే అల్లుడూ! మీ తెలివికి మా షికార్లేం ఆనతాయి?"

"ఫర్వాలేదు మావయ్యా, సర్దుకుంటాం."

సూరమ్మ కొంగు నలుపుకుంటూ, "సముద్రం ఎలా ఉంటుందో చూడాలని చిన్నప్పట్నించీ ఆశ మావయ్యా" అంది. ఆ మాటకి భద్రం భార్య మాణిక్యం కరిగిపోయింది. "రానీవయ్యా పాపం! ఏం చెయ్యాలో నువ్వు పక్కనుండి చెబుతుంటే సరిపోయె!"

అక్కడే వచ్చింది చిక్కంతా.

"సరే రండి. కానీ నా మాట జవదాటారో, అక్కడికక్కడే వెనక్కి పంపేస్తా" అన్నాడు భద్రం. "గవర్రాజూ, చుక్కాని నీది. ఏం జరిగినా దాన్ని వదలకు."

"ప్రాణం పోయినా వదలను మావయ్యా!"

పడవలు కదిలాయి. సాయంత్రం కాకముందే మొదటి రేవు చేరారు. అందరూ వంటలకి దిగుతున్నారు. భద్రం వెనక్కి తిరిగి, "అల్లుడూ, కదలకుండా ఉన్నదేదో చూసి పడవని గట్టిగా కట్టండి" అని కేకేశాడు.

వీర్రాఘవులు చుట్టూ చూశాడు. కొబ్బరిచెట్టు ఉంది గాని గాలికి ఊగుతోంది. "కదులుతోందిరా, పనికిరాదు" అన్నాడు. గుంజ ఉంది గాని నీళ్ళు తగిలి అల్లల్లాడుతోంది. అదీ పనికిరాలేదు. రేవులో ఓ గేదె మాత్రం మెడదాకా మునిగి, కళ్ళు మూసుకుని, రాయిలా ఉంది.

"ఇదిగో, దీనంత కుదురైంది ఈ రేవులోనే లేదు!" అని సూరమ్మ మెచ్చుకుంది. అంతే! గేదె మెడకి మోకు బిగించేశారు.

గవర్రాజు చుక్కానిని పీకి భుజాన వేసుకుని భోజనానికొచ్చాడు. విస్తరి ముందు దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఒంటి చేత్తో పులుసన్నం కలుపుకుంటుంటే అందరూ నోళ్ళు తెరిచారు.

"అదేంట్రా?"

"వదలొద్దన్నావుగా మావయ్యా!"

భద్రం తల పట్టుకునేలోపే రేవు వైపు నుంచి గోల. పొద్దు వాలింది, గేదెకి ఇల్లు గుర్తొచ్చింది. ఇంకేముంది! గేదె ముందు, పడవ వెనక. గట్టెక్కి, రాళ్ళబాట పట్టి, వీధిలోంచి పోయి పశువుల పాకలో ఆగాయి. గేదె యజమాని పాలచెంబుతో వచ్చి, గేదె పక్కన పడవని చూసి, "ఇదెప్పుడు ఈనిందే?" అని పెళ్ళాన్ని కేకేశాడు.

అందరూ వెళ్ళి కాళ్ళావేళ్ళా పడి పడవని మోసుకొచ్చారు. ఇక్కడితో వెనక్కి పొమ్మందామని నోరు తెరిచిన భద్రం, సూరమ్మ మొహం చూసి మూసేశాడు.

మర్నాడు బయల్దేరారు. రాళ్ళమీద ఈడ్చుకుపోయిన పడవ కదా, అడుగున సన్నగా కారుతోంది. రెండో రేవు చేరేసరికి లోపల చీలమండల దాకా నీళ్ళు. భద్రం తన పడవలోంచే అరిచాడు: "సూరమ్మా! ఆ నీళ్ళు ముందు తోడెయ్యమ్మా! లేకపోతే మునిగిపోతారు!"

సూరమ్మకి ఈ పని తెలిసినంతగా ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. ఏ రోజూ ఆమె తోడేసిన పాలు విరిగింది లేదు. మజ్జిగ ముంతలోంచి గరిటెడు తీసి పడవలో నీళ్ళకి తోడేసింది. పైన చాప కప్పింది. "ఎవరూ కదపకండి, తోడుకోవాలి" అని వేలు చూపించి హెచ్చరించింది.

కాసేపాగి చాపెత్తి చూసింది. తోడుకోలేదు.

"చల్లటి నీళ్ళకి తోడేస్తే ఎలా తోడుకుంటుందే? గోరువెచ్చగా ఉండొద్దూ?" అన్నాడు వీర్రాఘవులు.

"అవునయ్యోయ్! నీ తెలివి చూస్తే నాకే దిష్టి తియ్యాలనిపిస్తోంది."

అంతే! ముగ్గురూ కలిసి, నీళ్ళు ఒలక్కుండా పడవని ఇసకలోకి లాగారు. మూడు బండరాళ్ళు పేర్చి, కుండనెక్కించినట్టు పడవని వాటిమీదకెక్కించారు. కింద ఎండు కొబ్బరిమట్టలు దోపి నిప్పంటించారు. పడవ అడుక్కి పూసిన తారు భగ్గుమంది.

"మంటలు! మంటలు!" అని అందరూ బిందెలతో పరిగెత్తుకొచ్చి నీళ్ళు గుమ్మరించారు. సూరమ్మ చేతులు అడ్డం పెట్టి ఒకటే ఏడుపు. "అయ్యో, చన్నీళ్ళు కలిపేస్తున్నారు! ఇప్పుడిప్పుడే మీగడ కడుతోందమ్మా!"

భద్రం ఇసకలో కూలబడ్డాడు. "నేను తోడెయ్యమన్నది చెంబుతో బయటికి పొయ్యమని!"

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా మావయ్యా" అన్నాడు వీర్రాఘవులు, జాలిగా. "పెద్దవాడివయ్యావు, మాట తడబడుతోంది."

కొబ్బరిపీచు కూరి, కొత్తగా తారు పూసి పడవని మళ్ళీ నిలబెట్టేసరికి మరో పూట పట్టింది. అక్కడ్నించి మొగ ఎంతో దూరం లేదు. అందుకే భద్రం కోపం దిగమింగి, ఈసారి ముగ్గుర్నీ ఎదురుగా కూచోబెట్టుకున్నాడు.

"బాగా వినండి. మొగ దగ్గర నీటిలాగుడు ఎక్కువ. నడిపాయలోకి వెళ్తే సముద్రంలోకి ఈడ్చేస్తుంది, మళ్ళీ రాలేరు. ఒడ్డు పట్టుకుని రండి. ఎప్పుడూ మా పడవ వెనకే ఉండండి. అర్థమైందా?"

"ఒడ్డు పట్టుకోవాలి, మీ వెనక ఉండాలి" అని ముగ్గురూ ఒప్పజెప్పారు.

గవర్రాజు చుక్కానిని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, పడవలోంచి వంగి ఒడ్డుని రెండు చేతులా పట్టుకున్నాడు. పడవ సాగుతోంది, వాడి చేతులూ సాగుతున్నాయి. ఉన్నట్టుండి గడ్డితో సహా పెద్ద మట్టిపెళ్ళ ఊడి చేతుల్లోకొచ్చేసింది.

"అన్నయ్యా, ఒడ్డు వచ్చేసింది!"

"మంచిదేరా. జారిపోకుండా పట్టుకో. ఒడ్డు మన దగ్గరే ఉన్నాక ఎటు పోతే ఏంటి?"

ఇంకేముంది! గవర్రాజు మట్టిపెళ్ళని గుండెలకి హత్తుకుని కూచున్నాడు. పడవ దర్జాగా నడిపాయలోకి పోయింది. నీటిలాగుడు అందుకుంది. పడవ గిర్రున తిరిగి మొగవైపు ఉరికింది. ఎదురుగా తెల్లటి నురగ, హోరు.

"ఏవయ్యోయ్, అదేనా సముద్రం?" అంది సూరమ్మ. చూడాలనుకున్నది చూసేసింది గాని, దాని అరుపు వినేసరికి పడవ అంచు గట్టిగా పట్టుకుంది. "ఇంత పెద్దదని ఎవరూ చెప్పలేదే! ఒడ్డు జాగ్రత్త గవర్రాజూ!"

భద్రం చూశాడు. పడవ తిప్పి, తెడ్లు గబగబా వేయించి వాళ్ళకి అడ్డంగా వచ్చాడు, మోకు విసురుదామని. వీర్రాఘవులు కంగారుపడ్డాడు. "మావయ్య మన ముందుండాలి గాని ఇలా ఎదురొస్తే మనం వెనకెలా అవుతాం? తిప్పరా!" చుట్టూ తిరిగి భద్రం పడవ వెనక చేరారు. భద్రం ఇటు తిరిగాడు. వాళ్ళు అటు తిరిగారు. మొగ ఒక పక్క మింగడానికి చూస్తుంటే, రెండు పడవలూ ఒకదాని తోక ఒకటి తరుముకుంటూ గుండ్రంగా తిరుగుతున్నాయి.

"ఆగండ్రా, చచ్చిపోతారు!" అని భద్రం ఏడుపు గొంతుతో అరుస్తున్నాడు.

మాణిక్యం మొగుడి భుజం పట్టి ఊపింది. "వాళ్ళని పట్టుకోవాలని చూడకయ్యా! నువ్వు ఒడ్డుకి పో. వాళ్ళే వస్తారు."

భద్రానికి వెలిగింది. పడవని ఒడ్డుకి మళ్ళించి, వెనక్కి చూడకుండా తెడ్లు వేయించాడు. అంతే! "మావయ్య వెళ్ళిపోతున్నాడు, వెనకపడాలి!" అని అన్నదమ్ములిద్దరూ ఒడ్డుని సూరమ్మ ఒళ్ళో పెట్టి తెడ్లమీద పడ్డారు. తెలివి సంగతి ఎలా ఉన్నా కండబలం గట్టిది. లాగుడుకి ఎదురీది, ఒళ్ళంతా చెమటలు కక్కుతూ వచ్చి భద్రం పడవ వెనకే ఇసకని గుద్దుకున్నారు.

భద్రం దిగొచ్చి వీర్రాఘవుల్ని కొట్టబోయి, కావిలించుకుని భోరుమన్నాడు. సూరమ్మ ఇసకలో కూచుని చాలాసేపు అలల్నే చూసింది. "దూరం నుంచి బాగుందత్తా" అంది చివరికి.

తిరుగు ప్రయాణంలో వాళ్ళ పడవని తన పడవకే కట్టుకుని మామిడిరేవు దాకా లాక్కొచ్చాడు భద్రం. అక్కడ్నించి గువ్వలంక కనుచూపు మేర. విడిపోయేటప్పుడు మాణిక్యం సూరమ్మ బుగ్గలు నిమిరి, "ఇంటికి చేరగానే చేరామని మాకు చెప్పండమ్మా. ఆ కబురు అందేదాకా నాకు ముద్ద దిగదు" అంది.

ముగ్గురూ ఇంటికి చేరారు. తలుపు తీశారు. లోపలికి కూడా వెళ్ళకుండా మళ్ళీ పడవెక్కి మామిడిరేవుకొచ్చారు.

భద్రం అప్పుడే విస్తరి ముందు కూచున్నాడు. "ఏమైందర్రా?"

"చేరాం మావయ్యా. అది చెబుదామనే వచ్చాం."

భద్రం నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. "ఇక్కడుంటే ఇంటికి చేరడమేంట్రా, మీ మొహాలు మండా!"

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వీర్రాఘవులు మొహం పాలిపోయింది. "నిజమేనే! మనం ఇక్కడున్నామంటే అక్కడ లేనట్టేగా!"

"అయ్యో అయ్యో! ఇంటికి చేరలేదంటే మనం ఏమైపోయామో!" అని సూరమ్మ నెత్తి కొట్టుకుంది. "ఆ మొగలో కొట్టుకుపోయామేమోనయ్యా!"

"ఏడవకొదినా, వెతుకుదాం పద!" అని గవర్రాజు రేవుకి ఉరికాడు. భద్రం, మాణిక్యం అరుస్తున్నా వినిపించుకోకుండా పడవ తోసేశారు. నడిపాయలో గవర్రాజు నిలబడి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని గట్టిగా కేకేశాడు.

"ఒరేయ్ గవర్రాజూ!"

"ఓయ్!" అని వాడే పలికాడు.

సూరమ్మ కళ్ళు తుడుచుకుంది. "అమ్మయ్య! మరిది దొరికాడు. ఇక మనిద్దరి కోసం వెతకండయ్యా!"