గుడ్లకు కాపలా ఉన్న నక్క

గోదావరి నడుమ ఓ లంక ఉండేది. ఒక కొసన ఎత్తయిన దిబ్బ, ఇంకో కొసన పచ్చిక పల్లం, రెంటికీ మధ్య ఎండిపోయిన పాయ. పల్లంలో మేకలూ కుందేళ్ళూ కోళ్ళూ హాయిగా బతికేవి. బుల్లెమ్మ అనే గేదె కూడా అక్కడే ఉండేది. మహా నిదానస్తురాలు. ఎవరేమడిగినా కాసేపు నెమరు వేశాక గానీ జవాబు చెప్పేది కాదు.

ఓ రోజు పొద్దున్నే ఏట్లో దిగిన బుల్లెమ్మకి తన గిట్టలు తనకే కనబడలేదు. నిన్నటిదాకా తేటగా ఉన్న నీళ్ళు ఎర్రబడ్డాయి. నురగ తేలుతోంది. వెదురు కొమ్మలు కొట్టుకొస్తున్నాయి. లంకలో వెదురన్నదే లేదు! బుల్లెమ్మ ఎన్నడూ లేనిది పరుగు లంకించుకుంది.

"వరదొస్తోంది! అందరూ దిబ్బెక్కండి!"

జంబన్న అనే నక్క పకపకా నవ్వాడు. "కలగన్నావా వదినా? ఆకాశంలో దూదిపింజంత మబ్బయినా లేదే!"

"వాన మన నెత్తినే పడాలా ఏంటయ్యా? ఎగువన కొండల్లో కుండపోతగా కురిసుంటుంది. నేల తాగినంత తాగి, మిగిలింది వాగుల్లోకి వదిలేస్తుంది. వాగులన్నీ ఏట్లో కలుస్తాయి. ఆ నీళ్ళు ఇక్కడికి చేరేలోగా మనకి ఎండే కాస్తుంది."

"నమ్మేదెలా అక్కా?" అంది చుక్కల కోడి మంగళి, గుడ్ల మీదనుంచి లేవకుండానే.

బుల్లెమ్మ ఓ పుల్ల నోట కరిచి తెచ్చి, నీటి అంచున గుచ్చింది. అంతా చుట్టూ చేరి చూస్తున్నారు. ఎండ చుర్రుమనే వేళకి పుల్ల కొస కూడా మునిగిపోయింది. చినుకు పడకుండానే ఏరు పెరుగుతోంది!

మేకలు "మే" అనడం కూడా మరిచిపోయి పాయ వైపు దౌడు తీశాయి.

జంబన్న చటుక్కున మాట మార్చాడు. "వెళ్ళండి, వెళ్ళండి. కానీ మంగళీ, గుడ్లు మోసుకెళ్తే పగిలిపోవూ? ఇక్కడే వదిలెయ్. ప్రాణమడ్డేసి కాపలా కాస్తాను." అంటూ పొద చాటుకి వెళ్ళి, మూతి నాక్కున్నాడు.

మంగళి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వాడు మూతి నాక్కోవడం కంటబడిన బుల్లెమ్మ ఈసారి నెమరు వెయ్యలేదు. "గులకరాళ్ళు ఏరుకురావే," అని ఆమె చెవిలో గుసగుసలాడింది. గూట్లో రాళ్ళు పేర్చి పైన గడ్డి కప్పారు. గుడ్లేమో ఎండుగడ్డి కుదురులో బుల్లెమ్మ వీపెక్కాయి. వాటిమీద మంగళి రెక్కలు పరుచుకుని రాణిలా కూర్చుంది.

"జంబన్నా, వరద నీళ్ళు ముందు పల్లపు పాయలోకే దూరతాయి. అది నిండిందంటే దారి మూసుకుపోతుంది. ఇప్పుడే రా!" అని బుల్లెమ్మ కేకేసింది.

"నా సంగతి నాకు తెలుసులే వదినా!"

వాళ్ళు కనుమరుగవగానే జంబన్న గూటి మీద పడి, గడ్డితో సహా కసుక్కున కొరికాడు.

"చచ్చాన్రో!"

పన్ను కదిలిపోయింది. ఒక్కొక్కటే కొరికి చూశాడు. అన్నీ రాళ్ళే! తిట్టుకుంటూ వెనక్కి తిరిగేసరికి పాయలో ఎర్రనీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. పల్లమంతా నీళ్ళే. పక్కనే ఉన్న కోళ్ళ పాక చూరెక్కి తోక పైకెత్తి అరిచాడు. "వదినో! నీ కాళ్ళు మొక్కుతా!"

బుల్లెమ్మకి ఒళ్ళు మండింది. అయినా నిట్టూర్చి నీళ్ళలోకి దిగింది. ముక్కు మాత్రం పైకి పెట్టి ఈదుకుంటూ వెళ్ళి, వాణ్ణి ఎక్కించుకుంది. కొమ్ము కావిలించుకుని కళ్ళు మూసుకుని వస్తున్న నక్కని చూసి దిబ్బ మీద మేకలు గంతులేశాయి. కుందేళ్ళు నవ్వలేక పొట్టలు పట్టుకున్నాయి.

"కాపలా బాగా కాశావా అన్నయ్యా?" అంది మంగళి.

జంబన్న వాచిన దవడ పట్టుకుని చతికిలబడ్డాడు. ఏరు తగ్గకముందే గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాయి. కియ్ కియ్‌మంటూ వాడి వీపెక్కి జారుడు బల్ల ఆడుకున్నాయి. బుల్లెమ్మ ఎదురుగా నెమరు వేస్తూ కూర్చుంది మరి, ఏం చేస్తాడు!

పిల్లలూ, వరద జాడ మన నెత్తిమీది ఆకాశంలోనే కాదు, ఎగువ నుంచి వచ్చే నీళ్ళలోనూ చూడాలి. చూసినవాళ్ళు చెబితే ఆలస్యం చెయ్యకుండా మెరక చేరాలి.