గరిటె పట్టిన యువరాజు

పొన్నవరం రాజు చంద్రకేతుడికి లేక లేక కొడుకు పుట్టాడు. అన్నప్రాశన నాడు రాజగురువు విరూపాక్షశర్మ పూజ పొద్దెక్కేదాకా సాగదీశాడు. అది పూర్తయ్యేదాకా బిడ్డకు పాలు కూడా పట్టనివ్వలేదు. ఆ తర్వాత కత్తి, తాటాకు పుస్తకం, బంగారం, మట్టి పరిచి పిల్లవాణ్ణి వదిలారు. ఏది పట్టుకుంటే అదే వాడి వృత్తి.

యువరాజు పాక్కుంటూ వచ్చి, వాటన్నిటినీ దాటుకుని, పక్కనే ఉన్న పాయసం గిన్నెలోని గరిటె పట్టుకున్నాడు.

రాజు ముఖం వాడిపోయింది.

"గురువుగారూ, దీని అర్థమేమిటి?"

తెలియదనడం శర్మకు చేతకాదు. "వంటవాడవుతాడు మహారాజా. రేపటినుంచే వంటశాలకు పంపండి. ముందు కూరలు తరగడం, తర్వాత పోపు, మీసాలొచ్చాక పులిహోర."

"మరి చదువు?"

"గరిటె తిప్పేవాడికి చదువెందుకు?"

రాజు సరేనన్నాడు. రాణి ఏడుపు ఆపుకుంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విదూషకుడు బుచ్చన్న వైపు చూసింది. బుచ్చన్న మనసు చివుక్కుమంది. వంట తక్కువ పనేమీ కాదు. కానీ పళ్ళైనా రాని బిడ్డకు ఇప్పుడే బతుకు ఖాయం చేసి, చదువు మాన్పించడమేమిటి?

"మహారాజా, ఇది పెద్దవాళ్ళ మీద కూడా రుజువైతే ఎవరూ నోరెత్తరు. గురువుగారే ఒకసారి పాకి చూపిస్తే..."

"పాకుతానయ్యా, నాకేం భయం," అన్నాడు శర్మ. "కళ్ళకు గంతలు కట్టినా నా చెయ్యి పుస్తకం మీదే పడుతుంది."

"అయితే గంతలే కడదాం. యువరాజులాగే తమరూ పూజ అయ్యేదాకా ఏమీ ముట్టకూడదు మరి."

మర్నాడు పూజ సాగింది, సాగింది. పొద్దు నడినెత్తి దాటింది. బుచ్చన్న కత్తి, పుస్తకం, బంగారం పరిచి, ఆ చివర వేడివేడి గారెల పళ్ళెం పెట్టాడు.

శర్మ గంతలతో గంభీరంగా పాకుతూ పుస్తకం దాకా వచ్చాడు. ముక్కుపుటాలు అదిరాయి. ఆగాడు. తల తిప్పాడు. పుస్తకం మీద మోకాలు వేసి దాటుకుని వెళ్ళి, రెండు చేతులా గారెలు పట్టుకున్నాడు. రాజు చూసేసరికి ఒకటి నోట్లో ఉంది.

"ఏమయ్యా బుచ్చన్నా, గురువుగారిని కూడా వంటశాలకు పంపమంటావా?"

"వద్దు మహారాజా. గురువుగారు వృత్తి ఎంచుకోలేదు, ఆకలేసి గారె పట్టుకున్నారు. నిన్న బాబు చేసిందీ అంతే. ముందు కడుపు నింపండి, తర్వాత చదువు చెప్పించండి. ఏ పని చేస్తాడో పెద్దయ్యాక బాబునే అడుగుదాం."

సభంతా గొల్లున నవ్వింది. రాజు నవ్వాపుకోలేక, వంటశాల మాట రద్దు చేసి, చేతి కంకణం తీసి బుచ్చన్నకు తొడిగాడు.

శర్మ గంతలైనా విప్పలేదు.

"ఎవరక్కడ? కాస్త అల్లం పచ్చడి ఇటు జరపండి," అన్నాడు.